ఇరవై ఒకటో సంతకం

నా చేతిరాత బాగుంటుంది. ఈ మాట నాకు నేనే చెప్పుకోవడం బాగుండదని తెలుసు. కానీ ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ రాత తెచ్చిన తంటాయే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. మహబూబ్‌నగర్ జిల్లాలో నేను చదివిన సంక్షేమ హాస్టల్లో ఒక పంతులమ్మ ఉండేది. అక్షరం గుండ్రంగా రాకపోతే బెత్తంతో వేళ్ళ కణుపుల మీద కొట్టేది. ఏడో తరగతికి వచ్చేసరికి నా రాత చూసి ఆమే మురిసిపోయి, బడి గోడల మీద నీతివాక్యాలన్నీ నాచేతే రాయించింది. పదో తరగతి పాసై పట్నంలో అమ్మ దగ్గరికి వచ్చేశాక, నాకు ఆస్తంటూ ఏదైనా ఉందంటే అదే.

అమ్మ ఇళ్ళు కట్టే పనికి పోయేది. ఇసుక జల్లెడ పట్టడం, ఇటుకలు మోయడం, స్లాబు పోసే రోజు కాంక్రీటు మాలు తట్టలు అందించడం. నాన్న హైదర్‌గూడలో ఒక అపార్ట్‌మెంటుకి కాపలా ఉంటూ అక్కడే మెట్ల కింద పడుకునేవాడు, వారానికోసారి ఇంటికొచ్చేవాడు. మేముండేది అశోక్‌నగర్ వెనక, మురికి కాలువ పక్కన రేకుల ఇళ్ళలో. అందరం పాలమూరు వాళ్ళమే, మా వరస మొత్తం మాదిగలమే. నేను నారాయణగూడలో డిగ్రీ చదివేదాన్ని. తొంభైల నడిమి సంగతి ఇది. కాలేజీలో ఎవరైనా ఎక్కడుంటావని అడిగితే "అశోక్‌నగర్" అనేదాన్ని. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. సాయంత్రం తోటి పిల్లలతో కలిసి నడిచొచ్చి, మంచి మేడ ఒకటి చూసి దాని సందులో మలుపు తిరిగేదాన్ని. వాళ్ళు కనుమరుగయ్యాక బయటికొచ్చి మా ఇంటి దారి పట్టేదాన్ని. రోజూ అదే నాటకం. నాకసలే కాలు ఒకచోట నిలవదు, పైగా ఈ దొంగ నడకొకటి.

చిక్కడపల్లిలో ఒక స్నేహితురాలి ఇంటికి మాత్రం పోయేదాన్ని. వాళ్ళది గుంటూరు వైపు, తాతల కాలంలో ఉద్యోగాల మీద వచ్చి స్థిరపడ్డవాళ్ళు. నా నోట్సు ఆ పిల్లకి కావాలి, వాళ్ళింట్లో ఫ్యాను కింద కూర్చుని చదువుకోవడం నాకు కావాలి. ఒకరోజు వాళ్ళ అమ్మమ్మ నా నోట్‌బుక్కు ఒళ్ళో పెట్టుకుని పేజీలు తిప్పింది.

"ఎంత ముద్దుగా రాస్తుందే ఈ పిల్ల. అచ్చం మన వాళ్ళ రాతలా ఉంది. మీరేవిట్లమ్మా?"

కులమే అడుగుతోందని తెలిసి, అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. ఆరోజు ఎందుకో విసుగొచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ తిట్టలేదు, ముఖం కూడా మాడ్చుకోలేదు. నోట్‌బుక్కును రెండు వేళ్ళతో ఎత్తి మెల్లిగా కింద, గచ్చు మీద పెట్టింది. ఆ తర్వాత వారం నుంచి నా స్నేహితురాలు నోట్సు గేటు దగ్గరే తీసుకుని గేటు దగ్గరే తిరిగిచ్చేది. లోపల అమ్మమ్మ మడితో ఉందని చెప్పేది. మూడుసార్లు నమ్మాను, నాలుగోసారి నోట్సు ఇవ్వడం మానేశాను.

ఒళ్ళు మండిపోయేది. కానీ ఆ మంటని ఏంచేయాలో తెలిస్తే కదా. చిక్కడపల్లి లైబ్రరీకి పోయి పేపర్లు చదివే బల్ల దగ్గర కూర్చుని, చదవకుండా పేజీలు టపటపా తిప్పేదాన్ని. అలా తిప్పుతుంటే ఎదురు కుర్చీలో ఉన్న ఒకాయన, "చెల్లె, పేపర్ మీద కోపమా, పేపర్ల ఉన్నోళ్ళ మీద కోపమా" అన్నాడు. లా చదువుతున్నాడు, విద్యానగర్‌లో రూము. మా జిల్లావాడే, మావాడే. ఆదివారాలు లైబ్రరీ ఆవరణలో పదిమంది దాకా ఆయన చుట్టూ కూర్చునేవాళ్ళు. నేనూ పోవడం మొదలుపెట్టాను, అందరిలాగే ఆయన్ని అన్నా అని పిలిచేదాన్ని. కులం అనే మాట ఆయన నోట్లోంచి ఉప్పు, పప్పు అన్నంత మామూలుగా వచ్చేది. నాకేమో గొంతులో అడ్డం పడేది. అక్కడ నా పని వాళ్ళ మీటింగులకి పోస్టర్లు రాయడం. గోడ మీద నా అక్షరాలు చూసుకుంటూ నారాయణగూడ దాకా ఛాతీ విరుచుకుని నడిచేదాన్ని. మా ఇల్లెక్కడో అన్న ఒక్కరికే తెలుసు. మిగతావాళ్ళకి అక్కడ కూడా "అశోక్‌నగర్" అనే చెప్పాను, చూడండి నా బుద్ధి.

అట్లా ఉండగా మా నల్లా బంద్ అయింది.

అశోక్‌నగర్ కాలనీ మలుపులో రోడ్డు పక్కన ఒక నల్లా ఉండేది. పొద్దున ఐదింటికి నీళ్ళొచ్చేవి, ఏడు లోపల ఆగిపోయేవి. మా ఇరవై ఒక్క ఇళ్ళకీ అదే ఆధారం. పొద్దున్నే బిందెల గోల, రోడ్డంతా బురద అని కాలనీవాళ్ళు అర్జీ పెట్టారట. ఒకరోజు పోయి చూస్తే నల్లా తీసేసి పైపుకి బిరడా బిగించి ఉంది. ఇక కాలువ దాటి అవతలి నల్లాకి పోవాలి. అక్కడ వాళ్ళ బిందెలన్నీ నిండాకే మా వంతు. రెండు బిందెలు తెచ్చి, మొహం కడుక్కుని, అశోక్‌నగర్ చౌరస్తాలో కూలీలు నిలబడే అడ్డాకి అమ్మ చేరేసరికి ఎనిమిది దాటేది. మేస్త్రీలు ఏడున్నరకే వచ్చి కావలసిన మనుషుల్ని తీసుకుపోయేవాళ్ళు. మొదటి వారంలోనే అమ్మకి నాలుగు రోజులు పని దొరకలేదు. పని లేకుండా తిరిగొచ్చిన అమ్మ ఇంట్లో కూర్చునేది కాదు. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది. నేను కాలేజీ మానేసి నీళ్ళు తెస్తానంటే, "నీ పరీక్షలు కానీ ముందుగాల" అని కసిరేది. ఇట్లాగే ఇంకొన్ని వారాలు సాగితే నా చదువు సాగదని ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

అర్జీ నేను రాశాను. ఎంత బాగా రాశానో ఇప్పటికీ గుర్తుంది. కింద ఇరవై ఒక్కమంది ఆడవాళ్ళ వేలిముద్రలు, ఊదారంగు ఇంకుతో. కాలేజీ ఐడెంటిటీ కార్డు మెళ్ళో వేసుకుని నీళ్ళ ఆఫీసుకి పోయాను. అక్కడి ఆఫీసరు గారు యాభై దాటిన మనిషి, కోస్తా మాట. పేరు కాదు గానీ పని అడిగారు. కాలేజీ స్టూడెంటునని, బస్తీవాళ్ళ తరఫున వచ్చానని చెప్పాను. నేనూ ఆ బస్తీ పిల్లనే అని చెప్పలేదు. ఆయన అడగలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని కాగితం వెలుతురుకి పట్టుకున్నారు.

"ఇలా చూడమ్మాయ్. వేలిముద్రంటే గీతలుండాలి. ఇవన్నీ ఉత్త మచ్చలు. ఒక్క వేలితోనే ఇరవై ఒక్కసార్లు గుద్ది తెస్తే నేను పైకి పంపించాలా?"

కాగితం తీసుకుని బయటపడ్డాను. ఇంటికొచ్చి అమ్మ చెయ్యి లాక్కుని బొటనవేలు చూశాను. నున్నగా ఉంది. గీతల జాడ లేదు. పక్కింటి అత్తది చూశాను, ఆమెదీ అంతే. ఇన్నేళ్ళూ ఆ చేతి వంట తిన్నాను, ఆ సంగతి చూడనే లేదు.

"సిమెంటు తింటది బిడ్డా. దానికేం కొత్తనా" అంది అమ్మ, ఉల్లిగడ్డ కోస్తూ.

ఆ రాత్రంతా కోపమే. మర్నాడు అన్నతో చెబితే ఆయన వెంటనే ధర్నా అన్నాడు. నేను వద్దన్నాను. "వేలిముద్రలు చెల్లవంటే సంతకాలే పెట్టిస్త" అన్నాను. అన్న నా ముఖంలోకి చూసి, "ఎన్ని రోజులల్ల?" అన్నాడు. నెలలో అని కోతలు కోశాను. అన్న సుల్తాన్ బజార్ పోయి పలకలు, బలపాలు తెచ్చిచ్చాడు.

నెల కాదు, రెండు నెలలు పట్టింది. సాయంత్రం ఆడవాళ్ళు పనుల నుంచి వచ్చి, పొయ్యి ముట్టించేలోపు అరగంట. అమావాస్య రోజు మాత్రం పూటంతా. తాపీ పనివాళ్ళు అమావాస్యనాడు పని ముట్టరు, పట్నంలో ఎక్కడా ఇటుక లేవదు. మా ఇళ్ళ ముందు అదొక్కటే అసలైన సెలవు. చెప్పుల డబ్బాల అట్టలు కత్తిరించి ఒక్కొక్కరి పేరు ఒక్కో అట్టమీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. వాళ్ళు దాన్ని రైకలో దోపుకుని పనికి పోయేవాళ్ళు, అన్నం తినేటప్పుడు తీసి చూసుకునేవాళ్ళు.

మాటలైతే మామూలుగా ఉండేవి కావు. "నా పేరు గింత పొడుగున్నదా, మా అయ్యకు పనిలేకుండెనా" అని ఒకామె. "మొగుని పేరు నోటితోని అనొద్దంటరు, రాస్తే తప్పు లేదా మరి" అని ఇంకొకామె. ఆమె తన పేరు వదిలేసి ముందు మొగుడి పేరే నేర్చుకుని, వాకిట్లో బొగ్గుతో రాసి పైన నీళ్ళు చల్లి కడిగేసి పడీపడీ నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. అక్షరం గుండ్రంగా రాకపోతే చెరిపి మళ్ళీ రాయించేదాన్ని. బెత్తం లేదు గానీ నాలుక ఉంది. మా పంతులమ్మే నాలో దూరిందనుకుంటా.

అందరికంటే వెనకబడింది అమ్మ. పలక ముట్టేది కాదు. "మాట్లాడెతందుకు నోరున్నది, ఎత్తెతందుకు చేతులున్నయి. గీ గీతలు నాకెందుకు" అనేది. నా పరువు పోయినట్టుండేది. ఊరందరికీ నేర్పుతున్న దాన్ని, మా అమ్మకి రాకపోతే ఎట్లా? ఒకరోజు పక్కింటి అత్త చెప్పింది, అమ్మ పని దగ్గర ఇనుప చువ్వతో ఇసుక మీద రాస్తోందని, మేస్త్రీ చూస్తే కాలితో చెరిపేస్తోందని. ఆ సాయంత్రం పట్టుబట్టి పలక చేతికిచ్చాను. రాసింది. చూసి తల పట్టుకున్నాను. ప్రతి అక్షరమూ కింది నుంచి మొదలుపెట్టి పైకి లాగుతోంది. వరస నేల మీద నుంచి నిచ్చెనెక్కినట్టు మీదికి పోతోంది. వెనక నుంచి చెయ్యి పట్టుకుని దిద్దించబోయాను. చెయ్యి లాక్కుంది.

"నువ్వు పడితే నువ్వు రాసినట్టయితది. నేను రాసినట్టు ఎట్లయితది" అంది.

నేను విసుగ్గా లేచిపోయాను. అప్పటికి అరగంట అయిపోయింది కూడా.

రెండో అమావాస్యనాడు సంతకాలు పెట్టించాం. అన్న కూడా వచ్చి గడప మీద కూర్చున్నాడు. ప్రతి కాగితం పైన మా నల్లా మాకు కావాలని ఒక్క వాక్యం నేను రాశాను, కింద పదిమంది చొప్పున రెండు కాగితాలు నిండాయి. ఎంత ముచ్చటగా వచ్చాయో. ఇరవై పేర్లూ గుండ్రంగా, ఒకే ఎత్తున, దండకి గుచ్చినట్టు. ఇరవై ఒకటోది అమ్మది. మూడో కాగితం మీద ఒక్కర్తే. నుదురు చిట్లించి, పెదవి కొరుక్కుని, మూడక్షరాల పేరుకి బోలెడంత సేపు తీసుకుంది. రెండో అక్షరం దగ్గర పెన్ను ఆగి సిరా కారింది. మూడోది కాగితం అంచు దాటబోయి ఆగింది. పెట్టేసి ఎవరి వంకా చూడకుండా లేచి పొయ్యి దగ్గరికి పోయింది. అన్న చప్పట్లు కొట్టాడు.

అందరూ పోయాక కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. రెండు కాగితాలు చూస్తే కడుపు నిండింది. మూడోది చూస్తే కంట్లో నలుసు పడ్డట్టుంది. ఈ ఒక్కటి చూసి ఆ ఆఫీసరు మొత్తం కొట్టేస్తే? పిల్లలు గీకినట్టుంది, చదువు రానివాళ్ళతో గీకించారంటే? ఇదంతా నాకు నేను చెప్పుకున్న కారణం. అసలు సంగతి వేరు. నాకు సిగ్గేసింది. అంతే. ఇంకో కాగితం తీసి, పైన అదే ఒక్క వాక్యం రాసి, కింద అమ్మ పేరు నేనే రాశాను. గుండ్రంగా, మిగతా ఇరవైలో కలిసిపోయేట్టు. అమ్మ రాసిన కాగితం చింపబోయాను. చెయ్యి రాలేదు. మడిచి నా ఎకనామిక్స్ పుస్తకంలో పెట్టాను.

ఆఫీసుకి ఈసారి అన్న కూడా వచ్చాడు. ఆఫీసరు గారు మూడు కాగితాలూ బల్లమీద పరిచారు. చాలాసేపు చూశారు. మెల్లిగా నవ్వారు.

"పోయినసారి ఒకే వేలు. ఈసారి ఒకే చెయ్యి. ఈ రాత అర్జీ రాసిన రాతే కదమ్మాయ్. కాలేజీలో చదువుకుంటున్నావు, ఫోర్జరీ అంటే తెలుసు కదా."

తల కొట్టేసినట్టయింది. అప్పుడు అర్థమైంది నా నిర్వాకం. ఇరవైమందీ నేర్చుకున్నది వాళ్ళ పేరు రాయడం కాదు, నేను వాళ్ళ పేరు రాసిన తీరు. నా సున్నా, నా తలకట్టు, నా ఒంపు. ఒక్కరికీ సొంత గీత లేకుండా చేశాను, ఆ గీత ఉన్న ఒక్కదాన్నీ తీసి పుస్తకంలో దాచాను.

అన్న బల్ల మీద చెయ్యి వేశాడు. "సార్, నా కండ్ల ముంగట పెట్టిన్రు. ఒక్కటి దొంగ సంతకమని తేలినా నేనీ అర్జీ చింపుకొని పోత. పిలిపించుండ్రి, మీ ముంగట పెడ్తరు."

"పిలిపించండి" అన్నారాయన, తాపీగా.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పనిరోజు ఎవరూ రాలేరు కాబట్టి వచ్చే అమావాస్య అని అన్నే ఖాయం చేశాడు. దాదాపు నెల. ఆ నెలంతా నేను మనిషిని కాను. పోస్టరు రాయబోయి సగంలో వదిలేసేదాన్ని. నారాయణగూడ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి, వచ్చిన బస్సు ఎక్కకుండా నడిచి పోయేదాన్ని. అమ్మ రోజూ చీకటితోనే కాలువ దాటి పోతోంది, వస్తోంది, అడ్డా దగ్గర నిలబడుతోంది, రెండు రోజులకొకసారి ఉత్త చేతులతో తిరిగొస్తోంది. అమ్మ చేత మళ్ళీ దిద్దించి నా రాతలా రాయించేస్తే సరిపోతుందని ఒక సాయంత్రం పలక తీశాను కూడా. "నాది నాకొచ్చింది గద, మళ్ళెందుకు" అంది అమ్మ. కొంచెం వింతగా చూసింది. పలక లోపల పెట్టేశాను.

అమావాస్యనాడు ఇరవై ఒక్కమందీ ఉతికిన చీరలు కట్టుకుని, తలలు దువ్వుకుని బయలుదేరారు. దారంతా ఒకటే ముచ్చట్లు. నేను అందరికంటే వెనక నడిచాను. ఆఫీసులో ఒక్కొక్కరే బల్ల దగ్గరికి పోయి నిలబడి, పక్కన అట్ట లేకుండా, పేరు రాశారు. ఆఫీసరు గారు పాత కాగితం పక్కన పెట్టి చూసుకున్నారు. ఒకటి, రెండు, ఐదు. పదో సంతకానికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అందరికీ ఒక్కరే నేర్పారా?"

"గా పిల్లనే సారు. వంకర పోతే తిడ్తది" అంది మొగుడి పేరు నేర్చుకున్న ఆవిడ. గదంతా నవ్వింది, ఆయన కూడా నవ్వారు. నల్లా వచ్చేసినట్టే అనిపించింది నాకు ఆ క్షణంలో.

చివర అమ్మ. కింది నుంచి పైకి, నిచ్చెనెక్కినట్టు, తన మూడక్షరాలు రాసి పెన్ను కింద పెట్టింది. ఆయన మూడో కాగితం పక్కన పెట్టారు. నవ్వు ఆగిపోయింది.

"ఇది కలవడం లేదే. ఈ పేరు ఇక్కడ ఎవరు రాశారు?"

అన్నే ముందు అందుకున్నాడు. "పెద్దమనిషి సార్. మీ ముంగట చెయ్యి వణికినట్టుంది. ఇంట్ల మంచిగనే రాసింది, నేను చూసిన."

అన్న అబద్ధమాడలేదు. బాగా రాసిందనే ఆయన నమ్మకం. నాకు దారి దొరికింది. ఊ అంటే చాలు. ఆఫీసరు గారు కూడా దాన్నే పట్టుకుని సరే అనేట్టున్నారు. అమ్మ బల్ల అంచు పట్టుకుని నా వైపే చూస్తోంది. వణకడమా? స్లాబు రోజు నిండు తట్ట తల మీద పెట్టుకుని రెండంతస్తులు ఎక్కే మనిషి చెయ్యి అది. ఆ చెయ్యి వణికిందని ఇరవైమంది ముందు ఒప్పుకోమని నేను అడుగుతున్నాను.

"వణకలే సార్" అన్నాను. కాలేజీ తెలుగు ఎటుపోయిందో. "ఆ కాగితం మీదిది నేను పెట్టిన. ఈమె మా అమ్మ. మేం ఆ బస్తీలనే ఉంటం. అమ్మ రాసింది మంచిగ లేదని నేనే మార్చిన. మిగతా ఇరవై వాళ్ళవే."

 అన్న ముఖం చూడలేకపోయాను. నల్లా పోయింది, అమ్మ పని పోయింది, నా నోటితోనే పోగొట్టాను అనుకున్నాను.

అమ్మ ఆ మూడో కాగితాన్ని వేలితో పక్కకి జరిపింది.

"నా బిడ్డ నాకన్న మంచిగనే రాస్తది సారు. కని నీళ్ళు మోసేది నేను గద. గిదే ఉంచుండ్రి" అని తను ఇప్పుడే రాసినదాన్ని ముందుకి తోసింది.

ఆఫీసరు గారు అమ్మ రాసినదాన్ని ఇంకోసారి చూశారు. తర్వాత పాత మూడు కాగితాలూ మడిచి డ్రాయరులో వేసి, ఆరోజు తన ముందు పెట్టిన సంతకాల కింద తన సంతకం పెట్టారు. "పైకి పంపిస్తాను. ఇస్తారని మాటివ్వలేను" అన్నారు. నాతో ఇంకేమీ అనలేదు. అనుంటే బాగుండేది.

బయటికొచ్చాక అన్న ఒక్క మాటే అన్నాడు. "వేలిముద్రలు నమ్మలేదని వాని మీద కోపానికొచ్చినం చెల్లె. నువ్వు చేసింది ఏంది మరి?" అని రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. రెండు ఆదివారాలు నాతో మాట్లాడలేదు. మూడో ఆదివారం పోస్టర్ల కట్ట నా ముందు పెట్టి, ఈసారి నువ్వు రాయొద్దు, కొత్తపిల్లలతో రాయించు, వాళ్ళెట్ల రాస్తే గట్లనే అంటించు అన్నాడు. ఆరోజు అక్కడ కూర్చున్న పదిమందికీ మా ఇల్లెక్కడో చెప్పాను. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మూడేళ్ళు దేనికి దాచానో అని నా మీద నాకే నవ్వొచ్చింది.

కానీ అది తర్వాత. ఆరోజు ఇంటిదారిలో ఆడవాళ్ళంతా ముందు నడుస్తుంటే నేనూ అమ్మా వెనకబడ్డాం. అమ్మ ఎందుకు చేశావని అడుగుతుందని ఎదురుచూశాను. అడగలేదు. చివరికి నేనే, "ఎందుకు మార్చినవని అడుగవా?" అన్నాను.

"నాకెర్కే. నీ పుస్తకాలు దులిపిననాడే చూసిన."

నెల నుంచి తెలుసన్నమాట. అమ్మకి చదువు రాదు. ఆ ఎకనామిక్స్ పుస్తకం మొత్తంలో అమ్మ చదవగలిగింది ఆ ఒక్క కాగితమే. దాన్ని మళ్ళీ మడిచి, ఉన్నచోటే పెట్టి, నెలంతా కాలువ దాటి నీళ్ళు తెచ్చింది.

"మరి ముందే ఎందుకు అనలే?"

"నువ్వు చెప్తవో చెప్పవో చూద్దామనుకున్న" అంది. అని, కొంగు సర్దుకుని నడక పెంచింది. నాకు ఏడుపొచ్చింది. రోడ్డు మీదే ఏడ్చాను, ఎవరు చూస్తే ఏంటి.

నల్లా వచ్చింది. వెంటనే కాదు, ఇంకో అమావాస్య దాటాక, అన్న ఆ ఆఫీసు చుట్టూ నాలుగైదు సార్లు తిరిగాక. పాతచోట కాదు, కాలనీ మలుపుకి ఇవతల, మా వైపు. సైకిలు మీద ఒక లైన్‌మన్ వచ్చి పైపు బిగించి, నల్లా తిప్పి చూపించాడు. తుప్పునీళ్ళు తుపుక్కుమని, తర్వాత తెల్లగా వచ్చాయి. నల్లా పెట్టినట్టు ఎవరో ఒకరు సంతకం చేయాలని రిజిస్టరు చాపాడు. నా మెళ్ళో కార్డు చూసి నాకే ఇవ్వబోయాడు.

ఆడవాళ్ళంతా అమ్మని ముందుకి తోశారు.

అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని రిజిస్టరును సైకిలు సీటు మీద పెట్టుకుంది. కింది నుంచి మొదలుపెట్టింది. లైన్‌మన్ గడియారం చూసుకున్నాడు. "జర జల్ది అమ్మా, ఇంక మూడు చోట్లకి పోవాలె" అన్నాడు. రెండో అక్షరం దగ్గర అమ్మ ఎప్పట్లాగే ఆగిపోయింది. పెన్ను అక్కడే ఉంది, సిరా ఊరుతోంది. నా వేళ్ళు గుంజుతున్నాయి. వంక ఎటు తిప్పాలో నాకు తెలుసు, ఒక్క మాట చెబితే అయిపోతుంది. అమ్మ నా వైపు చూడలేదు. నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, నోరు మూసుకుని నిలబడ్డాను. బిందె నిండి నీళ్ళు పొర్లుతున్నాయి. ఎవరూ కదల్లేదు.